మీకు తెలుసా? నడుం పట్టినప్పుడు చెయ్యి చేసే పని

ఎదురుకాళ్ళోళ్ళు అక్కడా ఉన్నారు

నడుం పట్టేస్తే ఎదురుకాళ్ళతో పుట్టిన మనిషి చేత మెల్లగా తన్నించుకుంటే పోతుందని తెలుగు పల్లెల్లో నమ్మకం. వరినాట్ల రోజుల్లో "మీ వాడకట్టుల ఎదురుకాళ్ళోళ్ళు ఎవరన్న ఉన్నరా?" అని వాకబు చేసే పెద్దమ్మలు ఇప్పటికీ ఉన్నారు. ఇది ఒట్టి మన ముచ్చటే అనుకుంటాం కదా! వాల్టర్ గ్రెగర్ అనే క్రైస్తవ మతాచార్యుడు 1881లో ఈశాన్య స్కాట్లాండ్ జానపద నమ్మకాల మీద ఒక పుస్తకం అచ్చువేశాడు. అందులోనూ ఇదే సంగతి ఉంది. కాళ్ళు ముందుగా పుట్టినవాళ్ళు బెణుకునూ నడుంనొప్పినీ రుద్దిగానీ తొక్కిగానీ పోగొడతారని, ఆ మహిమంతా పాదాల్లోనే ఉందని అక్కడివాళ్ళ నమ్మకమట.

కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న ఇటిక్యాలకూ స్కాట్లాండుకూ ఏ చుట్టరికమూ లేదు. మరి రెండు చోట్లా ఒకే వైద్యం ఎలా పుట్టింది? నాకు తోచేది ఇది. వీపు మీద మనిషి బరువు ఆనితే కాసేపు హాయిగా ఉంటుందన్నది ఎవరికి వారు కనిపెట్టగలిగిన సంగతే. పైగా ఉన్నట్టుండి పట్టిన నడుం చాలామందికి కొద్ది రోజుల్లోనో, కొద్ది వారాల్లోనో దానంతటదే వదులుతుంది. ఆ లోగా తన్నినవాళ్ళకు ఆ పేరు దక్కుతుంది.

రుద్దితే నొప్పి ఎందుకు తగ్గుతుంది?

గడపకు మోకాలు కొట్టుకున్న మరుక్షణం చెయ్యి అక్కడికే పోతుంది. ఎవరూ నేర్పక్కర్లేదు. దీనికి శాస్త్రం చెప్పిన వివరణ వయసు అరవై ఏళ్ళే. 1965లో కెనడా శాస్త్రవేత్త రొనాల్డ్ మెల్జాక్, బ్రిటన్ శాస్త్రవేత్త పాట్రిక్ వాల్ కలిసి ఒక సిద్ధాంతం ప్రకటించారు. నొప్పి కబురు మోసే నరాలు సన్నవి, నిదానమైనవి. స్పర్శ, ఒత్తిడి కబురు మోసే నరాలు లావువి, వేగమైనవి. రెండూ వెన్నుపాము దగ్గరికే చేరతాయి. అక్కడ ఒక గేటు లాంటి ఏర్పాటు ఉందని, చేతి స్పర్శ జోరుగా వచ్చినప్పుడు నొప్పి కబురుకు ఆ గేటు సగం మూసుకుంటుందని వాళ్ళు చెప్పారు. తర్వాతి పరిశోధన ఆ బొమ్మను చాలా మార్చింది. అయినా స్పర్శ నొప్పిని అణచగలదన్న అసలు మాట నిలిచింది. అంటే అవ్వ నువ్వులనూనె వెచ్చచేసి వీపు రుద్దినప్పుడు నూనె కన్నా ఎక్కువ పని చేసింది అవ్వ అరచెయ్యి. నూనె చెయ్యి జారడానికి పనికొచ్చింది.

మెటికల లెక్క

పిల్లల ముఖం మీదుగా చేతులు తిప్పి కణతల దగ్గర మెటికలు విరిచి దిష్టి తీయడం మనకు తెలుసు. అదే పిల్లలు ఊరికే కూర్చుని మెటికలు విరుచుకుంటే మాత్రం వేళ్ళు వంకరపోతాయని కోప్పడతాం. డొనాల్డ్ అంగర్ అనే అమెరికా వైద్యుడికి చిన్నప్పుడు వాళ్ళమ్మా పెద్దలూ ఇదే చెప్పారు. ఆయన నిజమేమిటో తేల్చాలనుకుని యాభై ఏళ్ళ పాటు ఎడమ చేతి మెటికలు రోజుకు కనీసం రెండుసార్లు విరిచాడు, కుడి చేతివి వదిలేశాడు. ఎడమ చేతి లెక్క కనీసం 36,500 సార్లు అయిందని, రెండు చేతుల్లోనూ కీళ్ళవాతం రాలేదని 1998లో ఒక వైద్యపత్రికకు ఉత్తరం రాశాడు. నవ్వించి ఆలోచింపజేసే పరిశోధనలకిచ్చే ఇగ్ నోబెల్ బహుమతి 2009లో ఆయనకు వచ్చింది. ఒక్క మనిషి మీద చేసింది కాబట్టి దీన్ని రుజువుగా తీసుకోలేం. కాని ఆ ఓపికకు దండం పెట్టొచ్చు.

మరి ఆ టక్కుమన్న శబ్దం? ఎముకకు ఎముక తగిలి వచ్చేది కాదు. కీలు మధ్య జిగురుద్రవం ఉంటుంది. కీలును లాగినప్పుడు లోపలి ఒత్తిడి ఒక్కసారిగా పడిపోయి అందులో వాయువు బుడగ కడుతుంది. బుడగ పుట్టినప్పుడే చప్పుడవుతుందని 2015లో కెనడాలోని ఆల్బర్టా విశ్వవిద్యాలయం వాళ్ళు ఎంఆర్ఐలో చూసి చెప్పారు. కాదు, బుడగ చితికినప్పుడని వాదించేవాళ్ళు ఇంకా ఉన్నారు. ఒకసారి మోగిన మెటిక మళ్ళీ మోగాలంటే సుమారు ఇరవై నిమిషాలు ఆగాలన్నది మాత్రం ఇద్దరూ ఒప్పుకుంటారు. కనుక నడుం విరిచేవాడు టకటకమనిపించినంత మాత్రాన జబ్బు కుదిరినట్టు కాదు.

"నరం ఎక్కింది, పూస జరిగింది"

మన దగ్గర నడుంనొప్పికి అందరూ చెప్పే కారణాలు ఇవే. నొక్కి, లాగి, తిప్పి "సరిచేసేవాళ్ళు" కూడా ఇదే మాట చెబుతారు. 1998లో స్వీడన్ వైద్యులు దీన్ని నేరుగా పరీక్షించారు. నడుం కింద, తుంటి ఎముకా వెన్నూ కలిసే కీలు దగ్గర నొప్పి ఉన్న పదిమందిని తీసుకుని, వాళ్ళ ఎముకల్లో అతి చిన్న లోహపు గుండ్లు అమర్చారు. చేతివైద్యం చేయకముందూ చేశాకా ఎక్స్‌రేలు తీసి, గుండ్లు ఎంత జరిగాయో కొలిచారు. ఎముక ఉన్నచోటు నుంచి కదల్లేదు. విచిత్రమేమిటంటే, చేత్తో తడిమి చూసే పరీక్షల్లో మాత్రం అంతా సర్దుకున్నట్టే తేలింది!

అలాగని చేతివైద్యం బూటకమని దీనికి అర్థం కాదు. బిగుసుకున్న కండరం వదులైంది, భయపడి కదలని మనిషి కదిలాడు, నరాల జోరు తగ్గింది. జరిగింది అది. "నీ పూస జారింది" అని చెప్పి పంపితే ఆ మనిషి ఏళ్ళ తరబడి బిందె ఎత్తడానికి జంకుతాడు. నన్నడిగితే నొప్పి కన్నా ఆ మాటే ఎక్కువ చెరుపు చేస్తుంది.

ఆలేరు అమ్మ భుజం

గద్వాల చీర నేతగాడు గుంట మగ్గం ముందు కూర్చుని, కాళ్ళు గుంటలో పెట్టి తొక్కుతూ, మెడ వంచి నాడె వెంట చూపు నడుపుతాడు. నూలు ఒంటికి పట్టు అంచును కలిపే నేత అది, చూపు మరలడానికి లేదు. పొద్దంతా అలా కూర్చున్న ఒంటికి మెడ, భుజం, నడుం వరసగా నొప్పి పెట్టక మానవు. సాయంత్రం ఎవరైనా మెడ పిసికితే ప్రాణం లేచివస్తుంది, పొద్దున మళ్ళీ అదే గుంట.

ఇలాంటి చక్రాన్ని ఒకచోట తెంచింది పిసికే చెయ్యి కాదు, ఒక యంత్రం. అది గద్వాలలో కాదు, ఆలేరులో. పోచంపల్లి తరహా చిటికి చీరకు ముందుగా ఆసు పోయాలి. అంటే అర్ధచంద్రాకారపు చట్రం మీద వరసగా ఉన్న మేకుల చుట్టూ దారాన్ని చేత్తో పోసుకుంటూ పోవాలి. ఒక్క చీరకు చెయ్యి ఇటూ అటూ వేల సార్లు, సుమారు 9,000 సార్లు తిరగాలి. ఈ పని ఎక్కువగా ఇంట్లో ఆడవాళ్ళది. తల్లి లక్ష్మి భుజం, మోచెయ్యి పడుతున్న యాతన చూడలేక చింతకింది మల్లేశం బడి చదువు మధ్యలో ఆగినవాడే అయినా ఏళ్ళ తరబడి తంటాలు పడి 1999లో ఆసు యంత్రం తయారుచేశాడు. దానికి అమ్మ పేరే పెట్టాడు, లక్ష్మీ ఆసు యంత్రం అని. నాలుగైదు గంటల పని గంటన్నరకు వచ్చింది, భుజానికి పని తప్పింది. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఫిజియోథెరపీ పాఠ్యపుస్తకాల్లో ఈ సంగతి ఉందో లేదో గాని, ఉండాల్సింది.

సీడ్ పత్తి బొటనవేలు

కృష్ణా తుంగభద్రల నడిమి నడిగడ్డ సీడ్ పత్తికి పేరు. సంకర విత్తనం కావాలంటే ప్రతి పువ్వునూ మనిషి చెయ్యే కలపాలి. మధ్యాహ్నం దాటాక విచ్చబోయే ఆడ మొగ్గను గోటితో గిల్లి పుప్పొడి భాగం తీసేయాలి, మర్నాడు పొద్దున మగ పువ్వు తెచ్చి అద్దాలి. సీజనంతా బొటనవేలు, చూపుడువేలు ఇదే పనిలో ఉంటాయి. బొటనవేలి మొదట, మణికట్టు పక్కన నొప్పి లేచి పిడికిలి బిగించి చిటికెనవేలి వైపు వంచితే ప్రాణం పోయినట్టుంటే, అది స్నాయువు తొడుగు వాపు కావచ్చు. దీన్ని 1895లో వివరించిన స్విట్జర్లాండ్ శస్త్రవైద్యుడు డి కెర్వెయిన్ పేరుతోనే పిలుస్తారు. పసిపిల్లల్ని చంకల కింద చేతులు పెట్టి ఎత్తే బాలింతలకూ ఇదే వస్తుంది. ఇక్కడ గట్టిగా రుద్దడం పనికిరాదు, వాపు ఎక్కువవుతుంది. ఆ వేలికి కొన్నాళ్ళు పట్టీ వేసి విశ్రాంతి ఇవ్వడమే మొదటి మందు.

1881లో మూడు సంగతులు

గ్రెగర్ పుస్తకం వచ్చిన 1881 ఏడాదినే పుత్తూరు కట్టుకు మొదలుగా చెప్పుకుంటారు. చిత్తూరు జిల్లాలో ఉండి ఇప్పుడు తిరుపతి జిల్లాలో చేరిన పుత్తూరు దగ్గరి రాచపాళెంలో కేశవరాజు అనే ఆయనతో ఆ వైద్యం మొదలైందని అక్కడివాళ్ళు చెప్పుకునే చరిత్ర. వేటకు పోయి కుందేలు కొట్టి ఆకుల్లో చుట్టి తెస్తే దాని విరిగిన ఎముక అతికిందన్న కథ కూడా ఉంది. కథ సంగతెలా ఉన్నా పద్ధతి ఇది: చేత్తో తడిమి విరుపు కనుక్కోవడం, లాగి సరిచేయడం, ఆకు ముద్దా కోడిగుడ్డు తెల్లసొనా పట్టించి వెదురు దబ్బలతో గుడ్డ చుట్టడం. నేడు హైవే పక్కన ఏ ఊళ్ళో చూసినా "పుత్తూరు ఎముకల కట్టు" బోర్డు ఉంటుంది. వాటిలో పుత్తూరుతో సంబంధం ఉన్నవెన్నో పుత్తూరువాళ్ళే చెప్పాలి.

దబ్బల కట్టు మన దగ్గర చాలా పాతది. సుశ్రుత సంహిత విరిగిన ఎముకలకు మోదుగ, మేడి, రావి, మద్ది, వెదురు వంటి చెట్ల బెరడును, బద్దలను కట్టమంటుంది. తొడ, పిక్క ఎముక విరిగితే మనిషిని బల్ల మీద పడుకోబెట్టి ఐదు చోట్ల మేకులకు బిగించి కదలకుండా ఉంచే కపాటశయనం గురించీ చెబుతుంది.

ఇక 1881లో మూడో సంగతి. జర్మనీ శస్త్రవైద్యుడు రిచర్డ్ ఫోక్‌మన్ బిగుతు కట్టు వల్ల కండరానికి రక్తం అందక చచ్చుబడి, చెయ్యి శాశ్వతంగా గద్దగోళ్ళలా ముడుచుకుపోవడాన్ని ఆ ఏడే వివరించాడు. మోచెయ్యి దగ్గర ఎముక విరిగిన పిల్లలకు ఈ ముప్పు మరీ ఎక్కువ. కట్టు కట్టినవాళ్ళు ఎవరైనా సరే, పుత్తూరు వైద్యుడైనా, కార్పొరేట్ ఆసుపత్రి వైద్యుడైనా, కట్టు తర్వాత వేళ్ళు నీలిబారినా, చల్లబడినా, తిమ్మిరెక్కినా, వేళ్ళు చాపితే భరించలేని నొప్పి వచ్చినా తెల్లారేదాకా ఆగొద్దు. వెంటనే కట్టు విప్పించాలి.

జపాన్ వాళ్ళు వేరే దారి పట్టారు

హైదరాబాద్ పాతబస్తీలో పహిల్వాన్ కట్టు ఉన్నట్టే జపాన్‌లో జూడో వస్తాదులు ఎముకలు సరిచేసేవాళ్ళు. ప్రభుత్వం 1920లో వాళ్ళకు లైసెన్సులిచ్చింది. ఇప్పుడు చదువు, పరీక్ష, ఏయే పనులు చేయొచ్చో హద్దులు, అన్నీ ఉన్నాయి. ఇంగ్లండులో అంతకు చాలా ముందే, 1867లో, జేమ్స్ పేజెట్ అనే పేరున్న శస్త్రవైద్యుడు తోటి వైద్యులకు చేసిన ఉపన్యాసంలో నాటు ఎముకల వైద్యులు కుదిర్చే జబ్బులు కొన్ని ఉన్నాయని, వాళ్ళ నుంచి మంచి నేర్చుకుని చెడు వదిలేయమని నచ్చజెప్పాడు. మన దగ్గర రెండు పక్షాలూ ఒకరినొకరు తిట్టుకోవడంతోనే సరిపోతోంది.

మంగలి షాపులో మెడ

కటింగ్ అయ్యాక తల మర్దన, ఆపైన మెడ ఇటు ఒక టక్కు, అటు ఒక టక్కు. ఉచితం. ఈ ఉచితంతోనే చిక్కు. మెదడుకు రక్తం తీసుకుపోయే రెండు ధమనులు మెడపూసల రంధ్రాల్లోంచే పైకి వెళతాయి. మెడను ఒక్కసారిగా తిప్పితే వాటి లోపలి పొర చిరిగి, గడ్డ కట్టి, పక్షవాతం రావచ్చు. అరుదే, కాని వచ్చినప్పుడు వయసుతో పని లేదు. 2024లో మనకు దగ్గరే ఉన్న బళ్ళారికి చెందిన ముప్పై ఏళ్ళ యువకుడు సెలూన్లో మెడ తిప్పించుకున్నాక పక్షవాతానికి గురయ్యాడన్న వార్త వచ్చింది. బ్యూటీ పార్లర్లో జుట్టు కడగడానికి మెడను వెనక్కి వాల్చినప్పుడూ ఇలా జరగొచ్చని 1993లోనే అమెరికా వైద్యపత్రికలో వచ్చింది. హైదరాబాద్‌లో 2022లో అలాంటి కేసు ఒకటి బయటపడింది. తల మర్దన చేయించుకోండి, మెడ దగ్గరికి వచ్చేసరికి "వద్దన్నా" అనండి.

బెల్టు సంగతి

2020లో ప్రపంచంలో 61.9 కోట్ల మందికి నడుంనొప్పి ఉందని అంచనా, అంటే దాదాపు పదమూడు మందిలో ఒకరు. 2023 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీర్ఘకాలపు నడుంనొప్పి మీద మొదటిసారి మార్గదర్శకాలు ఇచ్చింది. వ్యాయామం, జబ్బు గురించి అర్థమయ్యేలా చెప్పడం, మర్దన, చేత్తో వెన్ను కదిలించే చికిత్స ఉపయోగపడేవాటిలో ఉన్నాయి. నడుం బెల్టు, నడుముకు బరువులు కట్టి లాగే ట్రాక్షన్ మామూలుగా వద్దన్నవాటిలో ఉన్నాయి. మన మెడికల్ షాపుల్లో బెల్టులు వేలాడుతున్న తీరు చూస్తే ఈ కబురు ఇంకా మన ఎర్రవల్లి చౌరస్తా దాకా రాలేదనిపిస్తుంది.

మంచం పట్టడం కూడా మందు కాదు. 1995లో ఫిన్‌లాండ్‌లోని హెల్సింకీలో నడుం పట్టిన ఉద్యోగుల్ని మూడు జట్లుగా చేసి చూశారు. రెండు రోజులు పడుకున్నవాళ్ళ కన్నా, వ్యాయామాలు చేసినవాళ్ళ కన్నా, ఓర్చుకోగలిగినంత మేరకు రోజువారీ పనులు చేసుకుంటూ పోయినవాళ్ళే త్వరగా కోలుకున్నారు. చేతివైద్యంతో నొప్పి కాసేపు తగ్గితే ఆ కాసేపట్లో లేచి నడవాలి, వంగాలి, చెయ్యెత్తాలి. ఫిజియోథెరపిస్టు చేతికి విలువ అక్కడే. మర్దన చేయించుకుని నిద్రపోయి, పొద్దున నొప్పి సూది కోసం ఆర్‌ఎంపీ దగ్గరికి పోతే చేతి కష్టం నేలపాలు. నొప్పి గోలీలు నెలల తరబడి మింగితే కిడ్నీలకు కష్టం.

ఏ చెయ్యీ పడకూడని వెన్ను

కొన్ని నడుంనొప్పులకు మర్దన, తన్నులు, టక్కులు ఏవీ పనికిరావు. సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం, రాత్రిళ్ళు కూడా వదలని నొప్పి ఉంటే వెన్నుకు క్షయ కావచ్చు. పర్సివల్ పాట్ అనే ఇంగ్లండు వైద్యుడు 1779లోనే వివరించిన జబ్బు ఇది, మనదేశంలో ఇప్పటికీ మామూలే. క్షయ తినేసిన పూసను నొక్కితే కాళ్ళు పడిపోవచ్చు. ఫ్లోరైడ్ నీళ్ళు తాగి వెన్ను కర్రలా బిగిసినవాళ్ళూ అంతే. మనదేశంలో ఈ ఫ్లోరైడ్ జబ్బు మొట్టమొదట 1937లో వైద్యపత్రికకెక్కింది నాటి నెల్లూరు జిల్లా రోగుల వల్లే. ఆ వెన్నును వంచాలని చూస్తే వదులయ్యేది ఏమీ ఉండదు, విరిగేదే ఉంటుంది. మూత్రం బిగుసుకున్నా, తెలియకుండా పోతున్నా, కూర్చునే చోట తిమ్మిరెక్కినా, కాలు ఈడ్చుకుపోతున్నా ఆ రోజే పెద్దాసుపత్రికి పోవాలి.

చేతితో తిరిగే పాదం

చెయ్యి నిజంగా ఎముకల వరస మార్చగలిగే చోటు కూడా ఒకటుంది. అది పసిపిల్లల పాదం. సుమారు వెయ్యి మందిలో ఒకరు పాదాలు లోపలికి తిరిగి పుడతారు. గ్రహణం మొర్రిలాగే ఇదీ గ్రహణం వల్లే వస్తుందనే ఊళ్ళున్నాయి. గ్రహణానికి ఈ రెంటితోనూ సంబంధమే లేదు. స్పెయిన్‌లో పుట్టి అమెరికాలోని అయోవాలో పనిచేసిన ఇగ్నాసియో పాన్సెటి చూపిన పద్ధతిలో ఆపరేషన్ గది దాదాపు అక్కర్లేదు. వైద్యుడు చేత్తో పాదాన్ని మెల్లగా వారం వారం కొంచెం కొంచెం సరైన దారికి తిప్పి, ఆ స్థితిలోనే పిండికట్టు వేస్తాడు. ఐదారు కట్లకు పాదం తిరుగుతుంది. చాలామందికి మడమ వెనక నరం లాంటి గట్టి స్నాయువుకు చిన్న గాటు పెట్టాల్సి వస్తుంది. పుట్టిన కొద్ది వారాల్లోనే మొదలుపెడితే మేలు, ఎముకలింకా మెత్తగా ఉంటాయి కనుక.

తల్లిదండ్రులు తప్పుతున్నది ఆ తర్వాత. కట్లు విప్పాక పాదం మళ్ళీ తిరగకుండా తొడిగే బూట్ల కమ్మీని, పాదం చక్కబడింది కదా అని తీసి అటక మీద పెడతారు. మొదటి మూడు నెలలు దాదాపు రోజంతా, ఆపైన నాలుగేళ్ళు వచ్చేదాకా రాత్రి నిద్రలో అది ఉండాల్సిందే. లేకపోతే పాదం మళ్ళీ తిరుగుతుంది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు అంగన్‌వాడీలకూ బళ్ళకూ వచ్చి వెతికే లోపాల్లో ఇదీ ఒకటి. చికిత్సకు డబ్బు కట్టక్కర్లేదు. నడక, కదలిక ఇబ్బంది ఉన్న బడి పిల్లలకు చాలా మండల కేంద్రాల్లోని భవిత కేంద్రాలకు ఫిజియోథెరపిస్టు వచ్చే రోజు ఉంటుంది. ఏ రోజన్నది బడి హెడ్మాస్టర్నో, మండల విద్యాధికారి ఆఫీసులోనో అడగండి.